పేరంటంలో పోయిన పిలక

దొంగతనంగా తెచ్చిన మొక్కే బాగా బతుకుతుందని మొట్టమొదట చెప్పిన మనిషి ఎవరో తెలియదు గాని, కనిపిస్తే మాత్రం నాలుగు దులిపేద్దును. మా వైపు ఈ మాట నమ్మని ఇల్లు లేదు. గుడి దగ్గర చెప్పులు పోతే ఊరంతా గోల. పెరట్లో మొక్క పోతే మాత్రం నవ్వులాట. గేటు దగ్గర నిలబడి కబుర్లు చెబుతూనే మందారం కొమ్మ విరిచి కొంగులో దోపుకుంటారు. మనీప్లాంటు తీగ తుంపి చేతిసంచిలో వేసుకుంటారు. అలాగని వీళ్లు దొంగలు కారు. దారిలో ఉంగరం దొరికితే ఇల్లిల్లూ తిరిగి మరీ ఇచ్చే మనుషులు. మొక్క దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగదు. "కావాలంటే తీసుకోండి" అని మనమే అన్నా తీసుకోరు, మనం అటు తిరిగేదాకా ఆగి తుంపుతారు. అడిగి తీసుకుంటే బతకదట! ఏ మొక్క వచ్చి చెప్పిందో వీళ్లకి.

మా అక్క లోవలక్ష్మి సంగతి చెప్పాలనే ఇదంతా. అక్కంటే తోడబుట్టింది కాదు, తోడికోడలు. గంగయ్య బావగారి భార్య. నేను ఆయన తమ్ముడి భార్యని. రామచంద్రపురం నుంచి మండపేట వెళ్లే దారిలో, కాలవ గట్టు పక్కన మా ఊరు. ఒకే ప్రహరీలో రెండు వాటాలు, ఇద్దరికీ కలిపి ఒకటే పెరడు. అత్తగారు రత్తమ్మ గారు అక్క వాటాలోనే ఉంటారు. అక్క కొడుకు మణిదీప్‌కి కిందటేడు పెళ్లయింది. కోడలు సాయిదుర్గ ఇంకా ఈ ఇంట్లో ఎవరి కంచం ఏదో నేర్చుకుంటోంది.

అక్కకి నోట్లో నాలుక లేదు. ఆ మంచితనాన్ని మా ఇంట్లో అందరూ పొగుడుతారు. పొగడరా మరి! కాపురానికొచ్చినప్పుడు అక్క పుట్టింటి నుంచి కుట్టుమిషను తెచ్చుకుంది. ఊళ్లో సగం జాకెట్లు తనే కుట్టేది. మా ఆడపడుచు సత్యశ్రీ పెళ్లయి మండపేట వెళ్తుంటే సారె సామానుతో పాటు ఆ మిషను కూడా ట్రాక్టరెక్కింది. ఎక్కించే ముందు అక్కని ఒక్క మాట అడిగినవాళ్లు లేరు. పెరట్లో అంట్లు తోముకుంటూ, తన మిషను గేటు దాటడం అక్క చూసింది. ఇంకోసారి వాళ్లమ్మ పెట్టిన ఉప్పాడ చీర ఒక్కసారి కట్టుకుని ఇచ్చేస్తానని సత్యశ్రీ పట్టుకెళ్లింది. ఆ ఒక్కసారి ఇప్పటికీ పూర్తవలేదు.

ఏమన్నా అంటే అత్తగారి దగ్గర ఒక బ్రహ్మాస్త్రం ఉంది. ఇంటి ఆడపడుచు కంట తడి పెడితే పుట్టింటికి అరిష్టం. ఆడపిల్ల ఏడిస్తే గాదె నిలవదు, గొడ్డు నిలవదు. ఇంకేముంది, సత్యశ్రీ చెయ్యి పెట్టిందల్లా సత్యశ్రీదే. నేను మొదట్నుంచీ ఎదురు మాట్లాడే రకం గనక నా సామాను జోలికి ఎవరూ రారు. మాట్లాడనివాళ్ల దగ్గరే చేతులు చాస్తారు జనం. అది తల్చుకుంటేనే నాకు ఒళ్లు మండుతుంది.

అక్కకి తనదంటూ మిగిలింది ఆర్కిడ్ మొక్కలు. బావగారు కొబ్బరి మొక్కల కోసం కడియం వైపు నర్సరీకి వెళ్తే తనూ వెళ్లింది. అక్కడ ఒక మూల వాడిపోయి పారేసిన ఆర్కిడ్లు కనిపించాయి. "ఇవి తీసుకోవచ్చాండి?" అని అడిగి మరీ నాలుగు తెచ్చుకుంది. తెచ్చి ఏం చేసింది? ఒండ్రుమట్టిలో పాతి, పేడ వేసి, బిందెడు నీళ్లు పోసింది. వరి పండించే ఇంటి చేతులు కదా, ఏ మొక్కనైనా బురదలో నిలబెడితేనే బతుకుతుందనుకుంటాయి. మూడు కుళ్లిపోయాయి. నాలుగోది కుళ్లకముందే ఊడదీసి, కొబ్బరి డొక్క మీద కట్టి గాలికి వేలాడదీసింది. అది బతికింది. దాని వేళ్లకి మట్టి అక్కర్లేదని, గాలి కావాలని అక్కకి అలా తెలిసింది.

ఆ తర్వాత నర్సరీ నుంచి మరికొన్ని రకాలు తెచ్చుకుని, సపోటా చెట్టు కింద ఇనప పైపు కట్టించి వరసగా కుండీలు వేలాడదీసింది. డొక్కలు ముక్కలు చేసి, వాటి టీ రంగు నీళ్లు తేటపడేదాకా నానబెట్టేది. వాటిలో బొగ్గు ముక్కలు కలిపేది. ముదిరిన కాడ పైన కణుపు దగ్గర చిన్న పిలక పుడుతుంది, తల్లి భుజం మీద పిల్లలాగా. దాన్ని తొందరపడి తుంచకూడదు. దాని వేళ్లు చిటికెన వేలంత సాగేదాకా తల్లి మీదే ఉంచాలి. అప్పుడు కొత్త బ్లేడుతో కోసి, కోసినచోట పసుపు అద్ది, అడుగున చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ గ్లాసులో బొగ్గూ డొక్కా వేసి, కదలకుండా పుల్లకి దారంతో కట్టాలి. ఆ పని చేసేటప్పుడు అక్క ముఖం చూడాలి. ఆ కాసేపూ ఎవరు పిలిచినా పలికేది కాదు. ఈ ఇంట్లో ఆవిడ పలకకుండా ఉన్నది అప్పుడే.

పిలకలు ఊళ్లో అందరికీ ఇచ్చేది. సత్యశ్రీకి ఎన్నిసార్లు ఇచ్చిందో. ఆవిడ ప్రతిదాన్నీ మండపేట పట్టుకెళ్లి మట్టిలో పాతి చంపింది. చంపినదాన్ని చంపానని ఒప్పుకుంటుందా? "నువ్వు మనసులో పెట్టుకుని ఇస్తావేమో వదినా, అందుకే నిలవట్లేదు" అంది. అక్క నవ్వి ఊరుకుంది. నేనైతే అప్పుడే ఆ కుండీ నెత్తిన పెట్టి పంపేదాన్ని.

ఆ పారేసిన నాలుగింటిలో బతికిన మొక్క ఉంది చూశారూ, అది పూసినప్పుడు అందరం నోరెళ్లబెట్టాం. గంధం రంగు రేకులు, నడుమ ముదురు వంగపండు రంగు. అక్క ఫొటో తీసి నర్సరీకి పట్టుకెళ్తే, అలాంటిది మళ్లీ తమ దగ్గర రాలేదని ఆ నర్సరీ ఆయనే చెప్పాడు. అప్పట్నుంచి అక్కకి ఆ మొక్క ప్రాణం. అదేమో పిలకలు అస్సలు పెట్టేది కాదు. పెట్టిన రోజున ఒకటి వేరే కుండీలో వేసుకుంటే ఇక భయం ఉండదని ఎదురుచూసేది.

కిందటి తుఫానుకి బావగారు ఎరువుల బస్తాలు తడుస్తాయని, పంచలో అక్క భద్రంగా పెట్టుకున్న మొక్కల్ని తీసి చూరు కింద పెట్టారు. అడిగారా? అడగలేదు. చూరు నీళ్లన్నీ ఆ గంధం రంగు మొక్క మీదే ధార కట్టాయి. మొదలు నల్లబడి మెత్తగా అయిపోయింది. కాడలు ఒక్కొక్కటే ఊడిపోయాయి. చివరికి ఒకే ఒక్క కాడ సగం పచ్చగా మిగిలింది. చచ్చేముందు ఆర్కిడ్ ఉన్న ఓపికంతా పెట్టి పిలక వేస్తుందట. ఆషాఢంలో ఆ కాడ చివర ఒక్క పిలక వచ్చింది. రెండాకులు, మూడాకులు, కింద వరిగింజంత వేళ్లు. అది నిలిస్తే ఆ పువ్వు ఉన్నట్టు. పోతే ఇంక లేనట్టే.

అక్క ఇంట్లో అందరికీ చెప్పింది. తను నోరు తెరిచి ఇది ముట్టుకోవద్దు అనడం నేను వినడం అదే మొదలు. "పాపాయీ, వేళ్లు సాగడానికి దసరా దాకా పడుతుంది. అప్పటిదాకా కాస్త కనిపెట్టి చూడవే" అని నాతో అంది. శ్రావణం వస్తుంటే పేరంటాళ్లకి కనబడకుండా దాన్ని స్నానాలగది వెనకాలకి మార్చాం.

వరలక్ష్మీ వ్రతం నాడు పొద్దున్నే తోరాలు చేశాక మిగిలిన పసుపు దారంతో అక్క ఆ పిలకని పుల్లకి కట్టింది, గాలికి ఊగుతోందని. సాయంత్రం పేరంటం. ఇల్లంతా పట్టుచీరలు, శనగలు, తాంబూలాలు. సత్యశ్రీ మధ్యాహ్నమే వచ్చి తోరం కట్టించుకుని, పెరట్లో ఒకసారి తిరిగింది. అత్తగారి దగ్గర కూర్చుని గుసగుసలాడింది. వెళ్తూ వెళ్తూ, "వాయనం సంచి నేనే సర్దుకుంటాలే వదినా" అంది.

జనం వెళ్లాక దీపాలవేళ అక్క స్నానాలగది వెనక్కి వెళ్లింది. ఎంతసేపటికీ రాలేదు. నేను వెళ్లి చూస్తే కుండీ ముందు గొంతుక్కూర్చుని ఉంది. పిలక లేదు. తెంపడం కూడా రాలేదు ఆ చేతికి, లాగినట్టుంది, కాడ నిలువునా చీలి వేలాడుతోంది. ఇంక ఆ కాడకి మరో పిలక వేసే సత్తువ లేదని చూస్తేనే తెలుస్తోంది.

"సత్యశ్రీయేనా?" అన్నాను.

వెనక నుంచి అత్తగారే జవాబిచ్చారు. "దాన్ని దొంగంటావేంటి పాపాయీ? ఎక్కడుందో నేనే చెప్పాను. ఆడపిల్ల మోజుపడింది, తీసుకెళ్లింది. అడిగి తీసుకున్నవి దానికి అచ్చిరావట్లేదు, ఇదైనా బతుకుతుంది" అన్నారు.

చిన్నపిల్ల చాక్లెట్ తీసుకున్నట్టు చెప్పారావిడ. అక్క మాత్రం లేచి, చేతులు కడుక్కుని, అందరికీ అన్నం వడ్డించింది. ఈసారి కూడా ఇంతే అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే అక్క చీర మార్చుకుని మా వాటాకి వచ్చింది. చేతిలో సంచి. అందులో చిల్లుల గ్లాసు, నానబెట్టిన డొక్క ముక్కలు, బొగ్గు, బ్లేడు, పసుపు పొట్లం, దారం, సగానికి కోసిన నీళ్ల బాటిలు. "మండపేట బస్సుకి టైమైంది, వస్తావా?" అంది. నేను పొయ్యి కట్టేసి, పాలు అలాగే వదిలేసి వెనకే నడిచాను.

సత్యశ్రీ వాళ్లింటి వరండాలో కొత్త పింగాణీ కుండీ. దాని నిండా నల్లటి ఒండ్రుమట్టి. అందులో పీకల్దాకా పాతిపెట్టిన మా పిలక, పైన చెంబుడు నీళ్లు పోసిన తడి. సత్యశ్రీ కాఫీ గ్లాసుతో బయటికొచ్చి మమ్మల్ని చూసి తెల్లబోయింది. వెంటనే సర్దుకుంది.

"అదా వదినా? మొన్న నర్సరీలో కొన్నాను. బాగుంది కదూ?"

అక్క వంగి, పిలక మెడకున్న పసుపు దారం వేలితో ఎత్తి చూపించింది. "నర్సరీలో తోరాలు కూడా కడుతున్నారా సత్యశ్రీ?"

సత్యశ్రీ చేతికి కూడా అదే దారం, అదే పసుపు. ఆవిడ కొంగుతో చెయ్యి కప్పుకుంది. అక్క అక్కడే నేల మీద చతికిలబడి, వేళ్లతో మట్టి తొలిచి పిలకని పైకి తీసింది. నీళ్లు అడిగి కడిగింది. ఉన్న మూడు వేళ్లలో ఒకటి తెగిపోయింది. చిరిగిన మొదలు బ్లేడుతో సాపు చేసి, పసుపు అద్ది, గ్లాసులో బొగ్గుల మధ్య నిలబెట్టి కట్టింది. పైన సగం బాటిలు బోర్లించింది, లోపల చెమ్మ నిలవడానికి. అంతసేపూ సత్యశ్రీ, "అందరూ చూస్తున్నారు వదినా, నా పరువు తీస్తున్నావు, మొక్కేగా, అంత పట్టుదలేంటి" అని ఏడుపుగొంతుతో అంటూనే ఉంది. వాళ్లాయన చంద్రరావు గారు గుమ్మంలోకి వచ్చి, చూసి, లోపలికి వెళ్లిపోయారు.

మేం బస్సు కోసం ఎండలో నిలబడి ఇంటికొచ్చేసరికి, సత్యశ్రీ కారులో మాకంటే ముందే వచ్చేసి హాల్లో కూర్చుని ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. పక్కన అత్తగారు వీపు నిమురుతున్నారు. బావగారు నిలబడి ఉన్నారు. సాయిదుర్గ వంటింటి గుమ్మంలో.

"ఆడపిల్ల ఇంటికెళ్లి మట్టి తవ్వుకొస్తావా?" అన్నారు అత్తగారు. "అది పుట్టింటి మీద కన్నీళ్లు పెట్టుకుంటే ఏమవుతుందో తెలుసా నీకు?"

బావగారు గొంతు పెంచారు. "వెధవ మొక్క కోసం నా చెల్లెల్ని ఏడిపిస్తావా? ఆ గ్లాసు దాని చేతిలో పెట్టు. తప్పయిపోయిందని చెప్పు."

నేను నోరు తెరవబోయాను. అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది. గ్లాసు రెండో చేత్తో గుండెకి ఆనించి పట్టుకుని ఉంది.

"ఏవండీ, ఆడపడుచు ఏడిస్తే ఇంటికి అరిష్టం. మరి కోడలు ఏడిస్తేనో?"

అక్క ఒక్కొక్కరి వంకా చూసింది.

"చెప్పండి. ముప్పై ఏళ్ల నుంచి ఈ ఇంట్లో నేను ఏడుస్తూనే ఉన్నాను. నా మిషను ట్రాక్టరెక్కిన రోజు అంట్ల దగ్గర కూర్చుని ఏడ్చాను. మా అమ్మ చీర రాకపోతే ఏడ్చాను. మా అమ్మ పోయాక దాని కోసం ఇంకోసారి ఏడ్చాను. మీ పంటలు పండుతూనే ఉన్నాయి. గేదెలు ఈనుతూనే ఉన్నాయి. డాబా మీద డాబా వేశారు. ఏ అరిష్టమూ రాలేదు. ఆడదాని ఏడుపు ఈ ఇంటికి తగలదండి. సత్యశ్రీని కూడా ఒక్కరోజు ఏడవనివ్వండి, ఏమీ అవదు."

అక్క గొంతు పెద్దగా లేవలేదు. కానీ అంత కోపం నేనెప్పుడూ వినలేదు. అన్నేళ్లు అణిచిపెట్టిన కోపం అరుపుగా రాదు కాబోలు. బావగారు ఏదో అనబోయి తల్లి వైపు చూశారు, "అమ్మా, నువ్వు చెప్పు" అన్నట్టు.

"నేను మాత్రం ఏడవలేదా?" అన్నారు అత్తగారు విసురుగా. "మీ మావయ్య చెల్లెళ్లు ముగ్గురు. నా ఒంటి మీద చీర తప్ప అన్నీ పట్టుకెళ్లారు. నేనేమన్నా చచ్చానా?"

అప్పుడు వచ్చింది నాకు అసలైన మంట. తెలుసన్నమాట ఆవిడకి! ఆ ఏడుపు ఎలా ఉంటుందో, ఏ మూల కూర్చుని ఏడవాలో అన్నీ తెలుసు. తెలిసే పిలక ఎక్కడుందో కూతురికి చెప్పారు. తెలియక చేసినవాళ్లని పోనీలే అనుకోవచ్చు, తెలిసి చేసినవాళ్లని ఏమనాలి?

అక్క నాలాగా మండిపడలేదు. అత్తగారి ముఖంలోకి చూసింది. "చావలేదు అత్తయ్యా. ఆ ఏడుపంతా తెచ్చి నా నెత్తిన పెట్టారు." తర్వాత వంటింటి గుమ్మం వైపు చెయ్యి చూపించింది. "ఆ పిల్ల నెత్తిన నేను పెట్టను. ఇది నాతోనే ఆగిపోవాలి."

సాయిదుర్గ తల దించుకుంది. ఆ పిల్ల పెళ్లికి తెచ్చుకున్న మిక్సీ మొన్ననే మండపేట వెళ్లిందని నాకు తర్వాత చెప్పింది. ఎవరూ అడగలేదట.

సత్యశ్రీ విసురుగా లేచింది. అత్తగారు గాభరాగా, "బొట్టు పెట్టకుండా ఆడపిల్లని పంపకూడదు, సాయిదుర్గా, కుంకం తేవే" అన్నారు. సాయిదుర్గ కదల్లేదు. అక్క వంక చూసింది. అక్క గ్లాసు నా చేతికిచ్చి, దేవుడి గదిలోకి వెళ్లి తనే కుంకంభరిణె తెచ్చింది. సత్యశ్రీకి బొట్టు పెట్టింది. "మళ్లీ రా. ఏదన్నా కావాలంటే నోరు తెరిచి అడుగు. ఇవ్వాలనిపిస్తే ఇస్తాను, లేకపోతే ఇవ్వను" అంది. సత్యశ్రీ బొట్టు చెరిపేసుకోలేక, ఉంచుకోలేక, కారెక్కి వెళ్లిపోయింది.

పిలక రెండు వారాలు మమ్మల్ని చంపుకుతింది. కింది రెండాకులు పండి రాలిపోయాయి. మిగిలిన రెండు వేళ్లలో ఒకటి ఎండింది. అక్క దాన్ని తన పడకగది కిటికీలో పెట్టుకుని, పొద్దున పూట మాత్రం చెంచాతో నీళ్లు చిలకరించేది. ఆ గదికి ఇప్పుడు గొళ్లెం ఉంది. దసరా వెళ్లాక ఒకరోజు నన్ను పిలిచి బాటిలు ఎత్తి చూపించింది. పిలక మొదట్లో రెండు కొత్త వేళ్లు, కొసలు పచ్చగా, బొగ్గుల్లోకి దిగుతున్నాయి. పువ్వు చూడాలంటే ఇంకా రెండేళ్లో మూడేళ్లో పడుతుంది. అక్క కాసేపు నవ్వింది, కాసేపు కళ్లు తుడుచుకుంది.

సత్యశ్రీ మళ్లీ గడప తొక్కలేదు. బావగారు అక్కతో అన్నం పెట్టు, నీళ్లు పెట్టు తప్ప మాట్లాడరు. అత్తగారు వచ్చినవాళ్లందరి దగ్గరా కొంగు నోట్లో కుక్కుకుంటారు. లోవలక్ష్మి గయ్యాళి అయిపోయిందని ఊళ్లో చెప్పుకుంటున్నారు. అయింది. ముప్పై ఏళ్లు ఆలస్యంగా అయింది, నా కడుపుమంటంతా ఆ ఆలస్యం మీదే.